కిడ్నీ గెడ్డం

ఢిల్లేశ్వరరావు చెంప మీద గాటు పడిన రోజు నాకు బాగా గుర్తు. పద్దెనిమిదో ఏట కత్తి పట్టాను. ఆ రోజుకి ఇరవై ఏళ్ళ అనుభవం. కంచిలి నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద మాదొక చిన్న ఊరు. అందులో క్షవరం షాపు నాదొక్కటే. నా చేతిలో ఎవరికీ రక్తం రావడం ఎరగను. ఆ ఉదయం గడ్డం గీస్తుండగా వేళ్ళు ఒక్కసారిగా కొంకర్లు పోయాయి. కత్తి జారింది.

ఢిల్లేశు నా ఈడువాడు. కొబ్బరి తోట ఉంది, కాయలు తనే దింపుకుంటాడు. చిన్నప్పటి నుంచి ఒకర్నొకరం బావా అని పిలుచుకునే అలవాటు. చెంప తుడుచుకుని అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఏటి బావా, నిద్దట్లో గీత్తన్నావేటి?"

"సెయ్యి పట్టేసింది" అన్నాను.

"సెయ్యే కాదు, నీ మొకం కూడా బాగోనేదు. కళ్ళ కింద ఉబ్బిపోనాయి సూడు."

రోజూ ఎదుటివాడి ముఖం చూడటమే నా పని. అద్దం నా ఎదురుగానే ఉంటుంది. అయినా నా ముఖం నేను చూసుకోలేదు. అప్పటికి కొన్ని నెలలుగా సాయంత్రానికి పాదాలు వాచి, చెప్పుల పట్టీ దిగిన చోట గాడి పడేది. రోజంతా నిలబడే పని కదా, అందుకే అనుకునేవాణ్ణి. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే వాంతి వచ్చేది. పైత్యం అనుకునేవాణ్ణి. మూత్రంలో నురగ వచ్చేది. దాని గురించి ఏమీ అనుకోలేదు.

తుఫాను మా కొబ్బరి తోటల్ని పడగొట్టిన రెండో ఏడు అది. ఊళ్ళో అందరికీ ఏదో ఒక బెంగ ఉంది. కాళ్ళ వాపుల గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు.

నా భార్య దమయంతి పోరు పడలేక పలాసలో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బీపీ ఒకసారి చూసి, చెయ్యి మార్చి మళ్ళీ చూశారు.

"తల తిరగడం లేదా నీకు?"

"లేదండి."

"ఏ ఊరు?"

చెప్పాను. రాస్తున్న కలం ఆగింది. మా తోటల ప్రాంతం పేరు పెట్టి "ఉద్దానమా" అన్నారు. అడిగినట్టు లేదు, తెలిసిన సంగతేదో మళ్ళీ విన్నట్టు అన్నారు. చీటీ మీద ఇంకో పరీక్ష పేరు రాశారు. సీరం క్రియాటినిన్. నా జీవితంలో ఆ మాట వినడం అదే మొదలు. ఆ తర్వాత దాన్ని మర్చిపోయిన రోజు లేదు.

రెండు పాయింట్ రెండు వచ్చింది. కిడ్నీలు బాగుంటే ఒకటి పాయింట్ రెండు దాటకూడదట. టెక్కలి పంపించి స్కానింగ్ తీయించారు. అక్కడ పొట్ట మీద చల్లటి జిగురు రాసి, మెషిన్ తిప్పుతూ ఒకాయన పక్కనున్నవాడితో "రెండూ స్మాలే" అన్నాడు. అది నా కిడ్నీల గురించని నాకు అర్థమైంది.

పలాస డాక్టరు గారు కాగితాలన్నీ చూసి మెల్లగా చెప్పారు. "రెండు కిడ్నీలూ సగం కంటే తక్కువే పని చేస్తున్నాయి. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. బీపీ మాత్ర రోజూ వేసుకో. ఉప్పు తగ్గించు. ఎండు చేప, పచ్చళ్ళు వద్దు. ఇంకో మాట. నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు ముట్టుకోకు. ఒక్కటి కూడా."

"ఎందుకొచ్చింది సార్? నాకు సారా అలవాటు లేదు. షుగర్ లేదు."

"అది తెలిస్తే మీ ఊళ్ళన్నింటికీ చెప్పేవాళ్ళం. నీళ్ళంటారు, పొలాల్లో కొట్టే మందులంటారు, ఎండలో పని అంటారు. ఇదీ అని ఎవరూ చెప్పలేకపోతున్నారు."

తిరుగు బస్సులో దమయంతి కాగితాలన్నీ మడిచి సంచీ అడుగున పెట్టింది. మా ఊరి మలుపు వచ్చేసరికి నా చెవి దగ్గరికి వంగింది. "ఎవులికీ సెప్పకు. నీ సేతిలో కత్తి ఉన్నాది. రోగమున్నోడి కత్తి కింద ఎవులు తల పెడతారు?"

నాకూ అదే భయం. అడిగినవాళ్ళకి గ్యాసు అని చెప్పాను. ఊళ్ళో సగం మందికి గ్యాసే కాబట్టి నమ్మారు.

మొదటి మూడు నెలలు మాత్రలు వేసుకున్నాను, చప్పిడి కూర తిన్నాను. పాదాల వాపు తగ్గింది. తగ్గగానే నాకు తెలివి పెరిగింది. ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు మాత్ర దేనికి? ఒక రోజు మానేశాను. ఏమీ కాలేదు. వారం మానేశాను. అప్పుడూ ఏమీ కాలేదు. ఈ జబ్బు చేసే మోసం అదే. అది లోపల పని చేసుకుంటూ పోతుంది, మనకి చెప్పదు.

ఆ తర్వాత నడుం నొప్పి పట్టుకుంది. వంగి పనిచేసేవాడికి నడుం పోతే ఇక ఏముంది? పక్క ఊళ్ళో సూది వేసేవాడి దగ్గరికి వెళ్ళాను. అతను ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇంటికి నడుచుకుంటూ వచ్చేలోపే నొప్పి మాయమైంది. డాక్టరు గారు ఒక్కటి కూడా వద్దన్న మాట గుర్తు లేక కాదు. ఆ పూట పని అవుతుంది కదా అనుకున్నాను. అలా ఎన్ని వేయించుకున్నానో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం షాపులో కుర్చీ పట్టుకుని నిలబడిపోయాను. ఊపిరి అందడం లేదు. కూర్చుంటే కొంచెం వస్తోంది, వాలితే ఆగిపోతోంది. రెండు రోజులుగా మూత్రం సరిగ్గా రాలేదు. క్రాపు చేయించుకుందామని వచ్చిన ఢిల్లేశు నన్ను చూసి వెనక్కి పరిగెత్తాడు. జీపు మాట్లాడి తెచ్చాడు. విశాఖపట్నం చేరేదాకా నన్ను తన భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. దారిలో దమయంతి ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.

"ఏడాదయ్యిందా? నాకు సెప్పనేదేటి బావా?" అన్నాడు. నాకు జవాబు చెప్పడానికి ఊపిరి లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నా క్రియాటినిన్ చూసి అడిగారు. "నొప్పి ఇంజెక్షన్లు ఎన్ని వేయించుకున్నారు?"

"లెక్క పెట్టలేదండి."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తొమ్మిది దాటిందని నర్సుతో చెప్పి, మెడ పక్కన గొట్టం పెట్టించారు. డయాలసిస్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. నా రక్తం నా కళ్ళ ముందే గొట్టంలోంచి మెషిన్‌లోకి వెళ్ళి, చుట్టూ తిరిగి నాలోకి వచ్చింది. వచ్చేటప్పుడు చలి పుట్టింది. ఏప్రిల్ నెలలో రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు.

ఆ వార్డులో ఎవర్ని పలకరించినా మా వైపు వాళ్ళే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. మా ఊరి బస్సెక్కినట్టే ఉండేది. పక్క మంచం మీద కవిటి దగ్గరి రైతు. వంద గజాల దూరం నడవలేకపోతున్నా నా భోజనం పళ్ళెం చూసి "ఉప్పేసినారేటి, తినకు" అని హెచ్చరించేవాడు. అతని భార్య ఒక రోజు ఖాళీ అయిన ఆ మంచం మీది దుప్పటి మడత పెడుతూ కనిపించింది. ఆమె మడత పెట్టడం పూర్తి చేసి, సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాలుగు డయాలసిస్‌లు అయ్యాక నాకు మూత్రం మొదలైంది. డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చారు. "నొప్పి మందుల దెబ్బ వరకూ తగ్గింది. మీ పాత జబ్బు పోలేదు. క్రియాటినిన్ రెండు పాయింట్ ఎనిమిది దగ్గర నిలబడింది. ఇంతటితో బయటపడటం అదృష్టం. రెండోసారి ఇలా వస్తే నేను ఏమీ చెప్పలేను." వెళ్ళబోతూ ఆగారు. "మీ ఊళ్ళ మగవాళ్ళెవరూ మా దగ్గరికి నడిచి రారు. అందర్నీ మోసుకునే తెస్తారు. ఎందుకని?"

ఆ ప్రశ్నని పట్టుకునే ఇంటికి వచ్చాను.

ఊళ్ళో ఆటో దిగేసరికి టీ కొట్టు దగ్గర పదిమంది కూర్చుని ఉన్నారు. అందరికీ గడ్డాలు. ఎవరో పెద్ద మనిషి పోయాడనుకున్నాను. అయ్యప్ప మాల వేసుకున్నారేమో అంటే, అది కార్తీకం కాదు.

ఢిల్లేశు లేచి వచ్చాడు. వాడి గడ్డం దట్టంగా పెరిగింది.

"ఏటి బావా ఇది? ఏటయ్యింది?" అన్నాను.

"నువ్వు నేకపోతే ఎవులి దగ్గరికెల్లి గీయించుకుంటాం? నీ సేతికి అలవాటుపడిపోనాం."

నా షాపు తలుపుకి కొబ్బరి తాడుతో ఒక పాలపొడి డబ్బా కట్టి ఉంది. మూతకి చిల్లు పెట్టారు. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, గడ్డం గీయించుకునే రోజు వచ్చినప్పుడల్లా ఎవడి డబ్బులు వాడు అందులో వేశాడట. గడ్డం గీయలేదు గానీ గీసినట్టే వేశారు. నాకు రోగం ఉందని అప్పటికి ఊరంతటికీ తెలుసు. ఇద్దరో ముగ్గురో కంచిలి వెళ్ళి గీయించుకున్నారు. మిగిలినవాళ్ళు వెళ్ళలేదు. ఏడాది పాటు నేనూ దమయంతీ ఎవరికి భయపడి దాచామో, వాళ్ళు చేసిన పని అది.

నేను లోపలికి వెళ్ళి, కుర్చీ మీది దుమ్ము తుడుస్తూ చాలాసేపు బయటికి రాలేదు.

సాయంత్రం ఆ డబ్బా తెచ్చి వాళ్ళ మధ్య పెట్టాను. ఇది నాకు వద్దని, దీంతో మీరంతా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండని చెప్పాను. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు నేల చూపులు చూశారు.

తవిటయ్య మావ అందరిలోకీ పెద్దవాడు. "తెలిసి ఏటి సేత్తామురా? దానికి మందు నేదని నువ్వే అంటన్నావు. తెలీకుండా నాలుగు ముద్దలైనా తింటాం."

"సగం ఉన్నప్పుడు తెలిత్తే ఆ సగం మిగుల్తాది మావా. నాకు తెలిసింది. తెలిసీ పాడుసేసుకున్నాను. ఆసుపత్రిలో నా సుట్టూ ఉన్నోళ్ళకి అసలు తెలీనే నేదు."

డబ్బు అడగకుండానే ఇచ్చారు. చెయ్యి చాపమంటే ఒక్కడూ చాపలేదు. రిపోర్టు చెడ్డగా వస్తే మేస్త్రీ పనికి పిలవడు, పెళ్ళి సంబంధం రాదు, పెళ్ళాం మొహంలో మొహం పెట్టి చూడలేడు. ఇవన్నీ నాకు తెలియనివి కావు.

ఢిల్లేశు గడ్డం గోక్కుంటూ అన్నాడు. "ఈ గెడ్డాలు ఇలాగే ఉంచి, గీయించుకునే డబ్బులు డబ్బాలో ఏద్దాం. ఊరందరికీ సరిపడా డబ్బులు పోగయ్యేదాకా ఎవుడూ గీయించుకోకూడదు. ఎవుడికి గెడ్డం తీయించుకోవాలని ఉంటే ఆడు ముందు రక్తమివ్వాల. రక్తమిచ్చినోడికే బావ గెడ్డం గీత్తాడు. ఏటంటారు?"

నవ్వులాటగా అన్నాడో నిజంగా అన్నాడో మొదట అర్థం కాలేదు. కానీ ఊరు పట్టుకుంది.

మూడు నెలలు సాగింది. జీడి తోటల్లో, కొబ్బరి చెట్ల మీద ఆ ఎండలకి గడ్డం కింద చెమటకాయలు లేచాయి. ఆడవాళ్ళు సణిగారు. మా వైపు పెళ్ళాం కడుపుతో ఉంటే గడ్డం తీయరు. పలాస వెళ్ళే బస్సులో కండక్టరు ఢిల్లేశుని అడిగాడట, "పెళ్ళాం నీళ్ళోసుకుందేటి, గెడ్డం పెంచినావు?" అని.

"మా ఊరి ఆడోళ్ళందరూ ఒకేపాలి నీళ్ళోసుకుంటారేటి? ఇది కిడ్నీ గెడ్డం" అన్నాడట వీడు.

ఆ పేరు నిలిచిపోయింది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల ముందు, కంచిలి సంతలో, గడ్డం చూసి అడిగినవాడికల్లా ఢిల్లేశు మొత్తం కథ చెప్పి డబ్బా చాపేవాడు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళవాళ్ళు కూడా పెంచారు. కంచిలిలో షాపున్న మా పెదనాన్న కొడుకు ఇంటికి వచ్చి మరీ తిట్టిపోయాడు. "నీ జబ్బు నీది, మా కత్తులకి తుప్పు పట్టిత్తన్నావేటి?" అన్నాడు. అతను అన్నది అబద్ధం కాదు. నాకూ క్రాపులు తప్ప పని లేదు. దమయంతి జీడి గింజలు వలిచే పనికి వెళ్ళింది.

మొదట రక్తం ఇచ్చింది పెళ్ళికొడుకు. తవిటయ్య మావ మనవడికి ముహూర్తం పెట్టారు. గడ్డంతో పీటల మీద కూర్చోనని గోల. మా షరతు మా షరతే అన్నాం. పలాస వెళ్ళి పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చి నాకు చూపించాడు. సున్నా పాయింట్ తొమ్మిది. నా చేతుల మీదుగా అంత సంతోషంగా గీసిన గడ్డం అదొక్కటే.

ఒక ఆదివారం ఉదయం పలాస నుంచి ల్యాబ్ టెక్నీషియన్ వచ్చాడు. బడి వరండాలో బల్ల వేశాం. గడ్డాలవాళ్ళంతా వరస కట్టారు. సూది చూసి ఒకడు కళ్ళు తిరిగి పడ్డాడు. అందర్నీ నవ్విస్తూ, వెనకబడినవాణ్ణి ముందుకు తోస్తూ ఢిల్లేశు ఆ వరస చివరికి చేరాడు. తను కూర్చునేసరికి నవ్వు ఆపేశాడు. అప్పుడు నేను దాన్ని గమనించానే గానీ దాని గురించి ఆలోచించలేదు.

మూడో రోజు రిపోర్టుల కట్ట నా షాపుకి వచ్చింది. చాలావాటిలో అంకె మంచిదే. కొన్నింటిలో ఒకటిన్నర, రెండు. వాటిని పక్కన పెట్టుకుంటూ పోయాను. అడుగున ఢిల్లేశుది. ఆరు పాయింట్ నాలుగు. పేరు మళ్ళీ చదివాను. ఇంటిపేరు చదివాను. ఊళ్ళో ఇంకో ఢిల్లేశ్వరరావు ఉంటే బాగుండునని వెతికాను.

వాడే వచ్చాడు. కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. "తీసీయ్ బావా, దురద సంపేత్తంది."

కాగితం నా జేబులో ఉంది. ముందు కత్తెరతో కుదించాను. నురగ రాశాను. ఒక చెంప గీశాను. రెండో చెంపకి వచ్చేసరికి చెయ్యి కదల్లేదు.

వాడు కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఎంతొచ్చింది?"

"ఆరున్నర."

"నీదెంత?"

"రెండు ఎనిమిది."

"అయితే నానే పెద్దోణ్ణి." రెండో చెంప నా వైపు తిప్పి, "గీయి. సగంలో ఆపితే ఊరంతా నవ్వుతారు" అన్నాడు.

గీశాను. ఎలా గీశానో ఆ దేవుడికి తెలియాలి.

ఎనిమిది నెలలు మందులతో నడిచింది. ఆ తర్వాత డయాలసిస్ తప్పలేదు. అప్పట్లో మా దగ్గర డయాలసిస్ ఎక్కడా లేదు. వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళాలి. పలాస నుంచి పాసింజరు రైలు. ఒకసారి వాళ్ళావిడ సావిత్రి, ఒకసారి నేను తోడు వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు వాడు నీరుపట్టి బరువుగా, ఆయాసంతో ఉండేవాడు. వచ్చేటప్పుడు పిండేసిన గుడ్డలా ఉండేవాడు. కోటబొమ్మాళి దాటేదాకా కళ్ళు తెరిచేవాడు కాదు. రోజుకి గ్లాసుల లెక్కన నీళ్ళు. తన చెట్ల కొబ్బరినీళ్ళు తను తాగకూడదు. పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. తోటలో కూర్చుని కూలీలు బొండాలు కొట్టుకు తాగుతుంటే చూసేవాడు. ఒళ్ళు నల్లబడింది. రాత్రీ పగలూ దురద. ఎక్కిళ్ళు మొదలైతే పూటంతా ఆగేవి కావు. ఆసుపత్రి మంచం మీదే నేను వాడికి గడ్డం గీసేవాణ్ణి. చర్మం కాగితంలా అయిపోయింది, కత్తి ఆనించాలంటే భయం వేసేది.

పద్నాలుగు నెలలకి ఒక ఉదయం రైలు వేళకి వాళ్ళింటికి వెళ్ళాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంచీ సర్దలేదు.

"ఈ పాలికి ఎల్లను బావా."

"అదేటి మాట? రెండు పూటలు మానితే ఏటవుద్దో నీకు తెల్దా?"

"తెల్సు. తోటలో సగం వైద్యానికే అమ్మేసినాను. మిగిలిన సగం సావిత్రికి ఉండనీ. సాలు."

బతిమాలాను. తిట్టాను. సావిత్రి వాడి కాళ్ళ మీద పడింది. వాడు కదల్లేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే పోయాడు. నలభై ఒక్కటో ఏడు.

పదో రోజు కర్మకి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. వాళ్ళ తమ్ముడికి గుండు గీయాల్సింది నేనే. మా ఇంటి పని అది. మా నాన్న చేశాడు, నేను ఎంతోమందికి చేశాను. ఆ రోజు ఇసకలో కూర్చున్నాక ఆ కుర్రవాడి మెడ వెనక భాగం అచ్చం అన్నలాగే ఉందని గమనించాను. ఆపకుండా గీశాను. కళ్ళు మసకబారినప్పుడల్లా చెయ్యి గాల్లో ఆపి, తుడుచుకుని, మళ్ళీ పెట్టాను.

అక్కడే వెనక నుంచి ఎవరో అన్న మాట నా చెవిన పడింది. "ఆ పరీచ్చ సేయించుకోకపోతే ఇంకో పదేళ్ళు బతికేవోడు. సెప్పినాకే జబ్బు లేచింది." ఆ మాట ఊరంతా తిరిగింది. మరుసటి ఏడు గడ్డం పెంచుదామంటే నలుగురు ముందుకొచ్చారు. ఆ పై ఏడు ఇద్దరు. డబ్బా తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. నేనూ అడగడం మానేశాను. ఢిల్లేశుని చంపింది నేనేనేమో అని కొన్నాళ్ళు తిండి సహించలేదు. లెక్క ప్రకారం అది తప్పని తెలుసు. లెక్క వేరు, మనసు వేరు.

సంవత్సరీకం అయ్యాక సావిత్రి షాపుకి వచ్చింది. ఆడవాళ్ళు నా షాపు గడప తొక్కరు. బయటే నిలబడింది.

"అన్నియ్యా, ఒక మాట ఎవులికీ సెప్పనేదు. నీకు సెప్పాల. నువ్వు ఆసుపత్రిలో పడకముందు నుంచే ఆయనికి కాళ్ళు వాసేవి. మూత్రంలో నురగొచ్చేది. నాకు తెల్సు. ఎల్లి సూపించుకోమంటే ఎల్లేవోడు కాదు. నీకొచ్చిందే తనకీ వచ్చిందని భయం."

చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి గడప దాకా వచ్చాను.

"ఆ గెడ్డాల మాట అన్న రోజు ఇంటికొచ్చి నాతో అన్నాడు. ఒక్కణ్ణీ ఎల్లలేను సావిత్రీ, అందరితో కలిసి అయితే ఎల్తానూ అని. నువ్వు సంపేసినావని ఎవులైనా అంటే పట్టించుకోకు. నీ వల్లే ఆడు ఆ బల్ల దాకా ఎల్లినాడు. కాపోతే ఆలీసం అయిపోయింది."

ఆమె వెళ్ళిపోయాక షాపు మూసేసి కూర్చున్నాను. ఏడాది పాటు నా జబ్బు నేను వాడికి చెప్పలేదు. తన జబ్బు వాడు నాకు చెప్పలేదు. వారానికి రెండుసార్లు వాడి ముఖం నా చేతుల్లోనే ఉండేది. ఇద్దరం ఒకర్నొకరం అడగలేదు.

ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. మొన్న చూపించుకుంటే క్రియాటినిన్ మూడు పాయింట్ ఆరు. మెల్లగా పెరుగుతోంది. "డయాలసిస్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎంత ఆలస్యం చేయగలిగితే అంత మంచిది" అన్నారు డాక్టరు గారు. రోజుకి రెండు రకాల బీపీ మాత్రలు, చప్పిడి తిండి. నడుం నొప్పి వస్తే వేడినీళ్ళ కాపడం పెట్టించుకుని షాపు మూసుకుంటాను. సూది దగ్గరికి పోను. పూటకి నలుగురైదుగురికంటే ఎక్కువ గీయలేను. మధ్యలో బల్ల మీద కూర్చుంటే కుర్చీలోవాడు నురగతోనే కాచుకుని ఉంటాడు.

ఆ ఆదివారం ఒకటిన్నర, రెండు వచ్చినవాళ్ళలో ముగ్గురు ఇప్పటికీ తోటల్లో పనిచేసుకుంటున్నారు. మాత్ర మానలేదు. ఇద్దరు మాట వినలేదు, ఇప్పుడు లేరు. మంచి అంకె వచ్చినవాళ్ళలో కూడా ఒకడికి తర్వాత జబ్బు వచ్చింది. ఒకసారి బాగుంటే ఎప్పటికీ బాగుంటుందని లేదు.

చదివే అన్నదమ్ములకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ నొప్పీ లేకపోయినా ఏడాదికోసారి బీపీ, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. భయం వేస్తుంది, నాకు తెలుసు. అందుకే ఒక్కరే వెళ్ళకండి. మీతో రోజూ టీ తాగే మనిషిని ఒకణ్ణి పిలవండి. అతనిదీ మీదీ ఒకే రోజు చేయించుకోండి. అతను రానంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళండి. మీరు పిలుస్తారని అతను ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నాడో మీకు తెలియదు.